పొగడ్తలు చాలు, పాసుబుక్కులో పేరు రాయండి

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ఇక ఏడాది పొడుగునా సభలు జరుగుతాయి. వేదిక మీదికి ఒక మహిళా రైతును పిలుస్తారు. శాలువా కప్పుతారు. ఎన్ని కష్టాలకు ఓర్చి నిలబడిందో మైకులో చెబుతారు. సాయంత్రానికి ఆమె బస్సెక్కి ఊరికి పోతుంది. తెల్లారి యూరియా కోసం లైన్లో నిలబడితే పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉందని అడుగుతారు.

ఆడవాళ్ల ఓర్పును పొగడటం ఖర్చు లేని పని. బడ్జెట్లో దానికి పద్దు అక్కర్లేదు. అందుకే పాలకులకు అది అంత ఇష్టం. మేము చెప్పదలచిన మాట ఒక్కటే. ఆడమనిషి బతుకు ధైర్యం ఒక్కదానితో మారదు. ధైర్యం ఆమెకు ఎప్పుడూ ఉంది. కాళ్ల కింద భూమి, చేతిలో గింజ, పక్కన పదిమంది, పేరు రాసిన కాగితం దొరికిన చోట ఆమె తన బతుకును ఎన్నిసార్లయినా కొత్తగా మొదలుపెట్టింది. అవి దొరకని చోట అంతే ధైర్యం ఉన్న మనిషి అప్పుల కింద నలిగిపోతోంది. ఈ రెండింటికీ సాక్ష్యాలు మన నేల మీదే ఉన్నాయి.

కూలి మనిషి రేడియో దాకా ఎట్లా వచ్చింది

మొదటి సాక్ష్యం జహీరాబాద్. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో ఎర్ర చెలకలు, రాళ్ల భూములు ఉన్న ప్రాంతం. వాన పడితే పంట, లేకుంటే లేదు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడ పని మొదలుపెట్టింది. ఊరూరా ఏర్పడిన సంఘాల్లో చేరినవాళ్లు ఎక్కువ మంది దళిత ఆడవాళ్లు. అప్పటికి వాళ్లను ఊరు పిలిచే పేరు ఒక్కటే, కూలోళ్లు. పటేళ్ల చేలల్లో నాటు, కలుపు, కోత అన్నీ వాళ్ల చేతుల మీదే నడిచేవి. ఎకరమో అరెకరమో తమదంటూ ఉన్న ఇళ్లల్లో కూడా ఆ చెలక పడావు పడి ఉండేది. దున్నడానికి ఎడ్లు లేవు, వేయడానికి విత్తనం లేదు, పెట్టుబడి లేదు.

సంఘం కట్టుకున్నాక మొదటి పని ఆ పడావు భూముల్లో జరిగింది. రాళ్లు ఏరారు, గట్లు వేశారు, పెంట తోలారు. ఒక్క పంటను నమ్ముకోలేదు. జొన్న, కొర్ర, సామ, కంది, పెసర, అనుము, నువ్వు ఒకే చెలకలో సాళ్లు సాళ్లుగా కలిపి వేశారు. ఒకటి పోతే ఇంకొకటి ఇంటికి వస్తుంది. ఆ సాగుకు బోరు అక్కర్లేదు, మందుల దుకాణంలో ఖాతా అక్కర్లేదు. నిన్నటి దాకా పొద్దున్నే పటేల్ వాకిట్లో నిలబడ్డ మనిషి తన చెలకలో ఏ పంట వేయాలో తానే తేల్చుకునే మనిషి అయింది. ఇది ఆమె బతుకులో మొదటి మలుపు.

రెండో మలుపు విత్తనం. గింజను బూడిదలో, వేపాకులో కలిపి, పేడతో అలికిన బుట్టల్లో దాచే విద్య ఆడవాళ్లకు తల్లుల నుంచి వచ్చింది. బజారు విత్తనం వచ్చాక ఆ విద్యకు విలువ లేకుండా పోయింది. సంఘాలు దాన్ని మళ్లీ లేపి ఊరూరా విత్తన నిధులు పెట్టాయి. విత్తనం కావలసినవాళ్లు తీసుకుపోవాలి, పంట వచ్చాక కొంత ఎక్కువ కలిపి తిరిగి పోయాలి. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద ఈ పాత విత్తనాలను ఊళ్ల వెంట ఊరేగిస్తూ పాత పంటల జాతర చేస్తారు. విత్తనం కోసం దుకాణదారు దగ్గర చేయి చాచిన ఇళ్లే ఊరికి విత్తనం ఇచ్చే ఇళ్లయ్యాయి.

మూడో మలుపు మనందరం చదువుకోవలసింది. 1990ల మధ్యలో ఆ ఆడవాళ్లు తమ ఊళ్లలో తామే రేషన్ నడిపారు. పడావు భూమి ఉన్న చిన్న రైతులకు సాగు కోసం అప్పు ఇచ్చారు. ఆ అప్పు డబ్బుగా కాదు, జొన్నలుగా కొన్నేళ్ల పాటు తీర్చాలి. అట్లా కూడిన జొన్నలను ఊరిలోనే నిల్వ చేసి, పనులు దొరకని కరువు నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఏ ఇల్లు ఎంత పేదదో పది మంది ముందు కూర్చుని వాళ్లే తేల్చారు. పడావు భూమి సాగులోకి వచ్చింది, పశువులకు చొప్ప దొరికింది, కూలి పనులు పెరిగాయి, తిండి ఊళ్లోనే పండింది. ఆహార భద్రత మీద ఎన్నో కమిటీలు రాసిన మాటలను బడి మొహం చూడని ఆడవాళ్లు చేసి చూపించారు.

ఆ తర్వాత వాళ్లు కెమెరా పట్టుకున్నారు. ఆ నేర్చుకోవడంలో కూడా వాళ్ల లెక్క వాళ్లదే. పైనుంచి కిందికి చూసే షాట్‌కు పటేల్ షాట్ అని పేరు పెట్టారు. ఎందుకంటే పటేల్ వాళ్లను చూసేది అట్లాగే. కళ్లకు కళ్లు సమానంగా ఉండే షాట్ సంఘం షాట్, సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కాబట్టి. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. వరంగల్ జిల్లా రైతులు ఆ విత్తనం వేసి ఏమయ్యారో ఈ ఆడవాళ్లే కెమెరాలతో చేల వెంట తిరిగి తీశారు. 2003లో ఆ సినిమా వచ్చింది. కంపెనీల ప్రకటనలు ఊరూరా మోగుతున్న కాలంలో నష్టపోయిన రైతు మాటను లోకానికి చేర్చినవాళ్లు ఒకప్పటి కూలోళ్లు.

రేడియో కథ ఇంకా గట్టిది. గాలి తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. మాచనూరులో యునెస్కో సాయంతో స్టూడియో కూడా తయారైంది. లైసెన్సు మాత్రం రాలేదు. ఏళ్ల తరబడి రాలేదు. వాళ్లు తాళం వేసుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించారు. 2006లో కేంద్రం విధానం మార్చాక, 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినోత్సవం రోజున, సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దళిత ఆడవాళ్లే మాట్లాడి, వాళ్లే మిషన్లు నడిపే రేడియో అది. ఏ యాసను విని పట్నంలో నవ్వేవారో ఆ యాసలోనే విత్తనాల మాట, పశువుల మాట, పాటలు ఊళ్లకు వినిపించాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈ పనికి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

ఈ మలుపులన్నీ ఏ వరుసలో వచ్చాయో గమనించండి. ముందు భూమి, తర్వాత గింజ, తర్వాత గాదె, ఆ తర్వాత గొంతు. ఎవరూ వచ్చి వాళ్లకు ఆత్మవిశ్వాసం మీద క్లాసు చెప్పి పోలేదు. కడుపు నిండిన మీదట, చెలక తనదైన మీదట, మనిషికి ఇంకా ఏదో కావాలనిపించింది. చదవాలని, మాట్లాడాలని, లోకం చూడాలని కోరిక పుట్టింది. పేద ఆడమనిషికి కోరికలుంటాయని మన సమాజం ఒప్పుకోదు. పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి, ఇంటి అప్పు, ఇవే ఆమె కోరికలని మనమే తేల్చేస్తాం. తన కోసం ఆమెకు ఏం కావాలో అడిగే అవకాశం జహీరాబాద్‌లో సంఘం ఇచ్చింది.

అక్కడ అంతా సుఖంగా ఉందని మేము అనడం లేదు. అదే ప్రాంతంలో ఝరాసంగం, న్యాలకల్ మండలాల్లో నిమ్జ్ పేరుతో పరిశ్రమల కోసం 12 వేల ఎకరాలకు పైగా సేకరణకు పూనుకున్నారు. రాళ్లు ఏరి సాగులోకి తెచ్చిన చెలకను ఒక్క నోటిఫికేషన్ తీసుకుపోగలదు. నలభై ఏళ్ల కష్టం కూడా కాగితం ముందు ఎంత తేలికో దీన్నిబట్టి తెలుసుకోవాలి.

పత్తి చేనులో మిగిలిన మనిషి

రెండో సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. ఆత్మహత్య చేసుకున్న రైతు ఇల్లు లేని మండలం మన జిల్లాల్లో ఎంత వెతికినా దొరకడం కష్టం. మగమనిషి పోయిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. పదకొండో రోజు కాకముందే అప్పులవాళ్లు వస్తారు. ఎవరికి ఎంత బాకీ ఉందో ఆమెకు అప్పుడే తెలుస్తుంది. నోటు మీద ఉన్న సంతకం ఆమెది కాదు, తీర్చవలసింది మాత్రం ఆమె.

ఆమె ఏడుస్తూ కూర్చోదు. కూర్చునే తీరిక లేదు. కూలికి పోతుంది. ఉపాధి పనికి పోతుంది. మిషన్ కుట్టడం నేర్చుకుంటుంది. ఒక బర్రెను తెచ్చి పాల కేంద్రానికి పాలు పోస్తుంది. బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. రెండో ఏడో మూడో ఏడో మళ్లీ చేనులోకి దిగుతుంది, ఈసారి రైతుగా. మందు డబ్బా వీపు మీద వేసుకుంటుంది. ట్రాక్టర్ కిరాయి మాట్లాడుతుంది. మార్కెట్ యార్డులో తేమ ఎంతో, తరుగు ఎంతో కొట్లాడుతుంది. పదేళ్లలో ఐదారు పనులు మార్చి, ఐదారు విద్యలు నేర్చి, పిల్లల్ని ఇంటర్ దాకానో డిగ్రీ దాకానో తెస్తుంది. పట్నంలో ఉద్యోగి ఇన్నిసార్లు పని మారిస్తే అనుభవం అంటారు. ఈమెకు దాన్ని తలరాత అంటారు.

ఇంత చేసిన మనిషిని సర్కారు కాగితం ఏమని పిలుస్తుంది? ఫలానా వారి భార్య. భూమి మామ పేరు మీద ఉంటే విరాసత్ కాదు. బావమరుదులు ఒప్పుకోకపోతే భాగం తేలదు. కౌలు భూమి అయితే అసలు మాటే లేదు. తెలంగాణలో రైతు బీమా 2018 ఆగస్టులో వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఆ ఇంటికి 5 లక్షలు. మంచి పథకమే. కానీ పట్టా లేని కౌలు రైతు పోతే అతని భార్యకు ఆ బీమా లేదు. 2015లో వచ్చిన 194 జీవో ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 6 లక్షలు రావాలి, అందులో లక్ష అప్పుల పరిష్కారానికి. దానికి తహసీల్దార్, ఎస్ఐ, వ్యవసాయాధికారి విచారణ జరపాలి. చనిపోయినవాడు రైతేనని, అప్పు సాగుకు తెచ్చిందేనని ఆమె రుజువు చేయాలి. చావును కూడా పాసుబుక్కుతో కొలిచే చోట బతికి ఉన్న ఆడమనిషి సాగును ఎవరు లెక్కలో రాస్తారు?

ఇంకో విచిత్రం చూడండి. పొదుపు సంఘంలో ఆమె సంతకానికి బ్యాంకు విలువ ఇస్తుంది. ఒక్క వాయిదా తప్పకుండా కడుతుందని మేనేజరే పొగుడుతాడు. అదే ఆమె పంట రుణం అడిగితే పాసుబుక్కు తెమ్మంటాడు. కట్టగలదని తెలిసిన మనిషికి అప్పు పుట్టకపోవడానికి కారణం కాగితం ఒక్కటే. పంట రుణం దొరకని ఆమె మైక్రో ఫైనాన్స్ వాళ్ల దగ్గరికో వడ్డీ వ్యాపారి దగ్గరికో పోతుంది. భర్తను తీసుకుపోయిన బాటలోనే ఆమెను నడిపిస్తున్నాం.

చట్టం ఉంది, చేతికి రాలేదు

చట్టాలు లేవని ఎవరూ అనలేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చారు. దేశం మొత్తానికి ఆ హక్కు 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నా లేకున్నా ఆ హక్కు పోదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. కానీ మన ఊళ్లలో ఇప్పటికీ ఆడపిల్లకు భూమి అంటే పసుపు కుంకుమల కింద అన్నలు దయతలచి ఇచ్చేదే. వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుంటుందని భయపడి హక్కు వదులుకున్నట్టు కాగితం రాసి ఇచ్చేస్తుంది.

2007లో వచ్చిన జాతీయ రైతు విధానం రైతు అంటే పట్టాదారు మాత్రమే కాదని, కౌలుదారులు, వ్యవసాయ కూలీలు కూడా రైతులేనని రాసింది. దాని వెనక ఉన్న ఎం.ఎస్. స్వామినాథన్ గారు మహిళా రైతుల హక్కుల కోసం రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. గ్రామసభ ఆమోదంతో మహిళా రైతుకు ధ్రువపత్రం ఇవ్వాలని, దాన్ని అన్ని చోట్లా చెల్లేలా చేయాలని అందులో ఉంది. ఆ బిల్లు చర్చ లేకుండానే 2013లో మురిగిపోయింది. ఇది ఆయన్ను భారతరత్నతో సన్మానించిన దేశం.

2015-16 వ్యవసాయ గణన చెప్పిన లెక్క ఇది: దేశంలో కమతాలు నడిపేవాళ్లలో ఆడవాళ్లు నూటికి 14 మంది. వాళ్ల చేతిలో ఉన్న భూమి నూటికి 12 పాళ్లకు కూడా తక్కువ. పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారు. నాట్లేసే చేయి ఒకరిది, పట్టా మీద పేరు ఇంకొకరిది.

2020లో ధరణి వచ్చినప్పుడు పహాణీలో అనుభవదారు కాలమ్ ఎగిరిపోయింది. సాగు చేసేవాళ్ల పేరు రాసే ఆ ఒక్క గడి పోవడంతో కౌలుదారు, ఆడమనిషి ఇద్దరూ రికార్డుకు కనబడకుండా పోయారు. 2025 ఏప్రిల్‌లో భూ భారతి వచ్చింది. చట్టం పేరు మారితే సరిపోదు, సాగుదారు పేరు రికార్డులో కనబడాలి. కౌలు రైతుల కోసం 2011లో తెచ్చిన రుణ అర్హత కార్డుల చట్టం తెలంగాణలో అటకెక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కార్డు కోసం భూ యజమాని సంతకం అడుగుతోంది. మగ కౌలుదారుకే సంతకం పెట్టని ఆసామి ఆడమనిషికి పెడతాడా?

ఇప్పుడు డ్రోన్ దీదీ అంటున్నారు. 15 వేల పొదుపు సంఘాలకు డ్రోన్లు ఇస్తామని 2023లో కేంద్రం చెప్పింది. ఆడవాళ్లు డ్రోన్ నడపడం మాకు సంతోషమే. జహీరాబాద్ ఆడవాళ్లు కెమెరా నడిపినట్టు వీళ్లు డ్రోనూ నడుపుతారు. కాకపోతే, ఆకాశంలో డ్రోన్ నడిపే ఆమెకు కింద సెంటు భూమి లేకపోతే అది మరో కూలి పని అవుతుంది. అంతకన్నా ఏమీ కాదు.

మేము అడిగేది ఇది

ఒకటి. సాగు చేస్తున్న ప్రతి మహిళకూ గ్రామసభలో గుర్తించి మహిళా రైతు ధ్రువపత్రం ఇవ్వాలి. పంట రుణానికి, పంట అమ్మకానికి, ఎరువులకు, నష్టపరిహారానికి అది చెల్లాలి.

రెండు. రికార్డులో సాగుదారు కాలమ్ పెట్టి, ఏటా క్షేత్రంలో చూసి పేరు రాయాలి. రైతు చనిపోయిన ఇంట్లో విరాసత్‌ను దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా అధికారులే ఊరికి వచ్చి చేయాలి.

మూడు. ఆత్మహత్య కుటుంబాల్లో కౌలు రైతు భార్యకూ పరిహారం అందాలి. రైతు బీమాను కౌలు రైతులకు, వ్యవసాయ కూలీలకు వర్తింపజేయాలి. ప్రైవేటు అప్పుల పరిష్కారం అధికారుల సమక్షంలో జరగాలి.

నాలుగు. సర్కారు ఇచ్చే ఏ భూమి పట్టా అయినా భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఉండాలి. ఒంటరి మహిళకు మొదటి వరుస ఇవ్వాలి. ఆడవాళ్లు సాగులోకి తెచ్చిన అసైన్డ్ భూములను పరిశ్రమల పేరుతో గుంజుకోకూడదు.

ఐదు. ఊరికో మహిళా విత్తన నిధికి, చిరుధాన్యాల కొనుగోలుకు నిధులు కేటాయించాలి. ఆ ధాన్యాన్ని రేషన్లో, అంగన్‌వాడీలో, హాస్టళ్లలో పెట్టాలి.

ఇవి సర్కారును అడిగేవి. మన చేతిలో ఉన్న పని ఇంకొకటి ఉంది. వానాకాలం దుక్కులు మొదలయ్యే లోపు ప్రతి గ్రామ కమిటీ ఇల్లిల్లూ తిరిగి తమ ఊరిలో సాగు నడుపుతున్న ఆడవాళ్ల జాబితా రాయాలి. సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, ఏ పంట, అప్పు ఎక్కడిది, పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉంది, ఇవన్నీ రాయాలి. జాబితా కింద ఆమెతోనే సంతకమో వేలిముద్రో పెట్టించాలి. మగవాళ్లు చెబితే రాసుకు రావద్దు. ఆమెనే అడగండి. నీకు ఏం కావాలమ్మా అని కూడా అడిగి, ఆమె చెప్పిన మాటను చెప్పినట్టే రాయండి. మండలం వారీగా ఆ జాబితాలు కట్టి తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుందాం. రసీదు ఉంటే రేపు అడగడానికి ఆధారం ఉంటుంది.

ఆస్తి పంపకాలు జరుగుతున్న ఇళ్లలో మన సభ్యులే ముందుగా చెల్లెలి వాటా ఆమె పేర రాయండి. పెద్దమనుషుల పంచాయితీలో కూర్చునేవాళ్లు మన సంఘంలో చాలా మంది ఉన్నారు. ఆడపిల్ల భాగం మాట అక్కడ మీరే ఎత్తితే పది ఇళ్లలో మార్పు వస్తుంది.

భూమిని నమ్ముకున్న ఆడమనిషి కూలి నుంచి సాగుదారుగా, సాగుదారు నుంచి విత్తనపు పెద్దగా, ఊరి గొంతుగా మారగలదని జహీరాబాద్ చూపించింది. ఆ దారి వేలాది ఇళ్లలో పట్టా కాగితం దగ్గరే ఆగిపోయింది. జాబితాల పని ఈ నెలలోనే మొదలుపెట్టండి. జిల్లా కమిటీలు వచ్చే నెల పదో తారీఖు లోపు ఎన్ని ఊళ్లు పూర్తయ్యాయో మాకు రాసి పంపాలి. వచ్చే సంచికలో ఊళ్ల వారీగా ఆ లెక్క అచ్చు వేస్తాం.